బజ్జీ ఎవరు తిన్నారు, మయోనైజ్ ఎవరు తిన్నారు?

ప్రశ్న: మాది కరీంనగర్. 2023 నవంబర్ 18, శనివారం నాడు నా చిన్ననాటి స్నేహితుడు ప్రమోషన్ వచ్చిందని హైదరాబాద్‌లో ఒక మండీ రెస్టారెంట్‌లో పార్టీ ఇచ్చాడు. మా వైపు నుంచి 64 ఏళ్ల మా అమ్మ, చెల్లెలు, తొమ్మిదేళ్ల మేనల్లుడు, నేను. వాళ్ల వైపు నలుగురు. రెండు పెద్ద పళ్లేలు తెప్పించి, మా నలుగురం ఒకదాంట్లో, వాళ్ల నలుగురు ఇంకోదాంట్లో తిన్నాం. నాన్న పోయాక అమ్మ అంత మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి. 7 గంటలకు తిని, 8:30కి బయల్దేరాం. దారిలో సిద్దిపేట దగ్గర ఆగి చెల్లెలు, నేను టీ తాగి మిర్చి బజ్జీలు తిన్నాం, అమ్మ, బాబు కారులోనే నిద్రపోయారు. ఇంటికి చేరాక, 12:30 ప్రాంతంలో అమ్మకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి చెల్లెలికీ బాబుకీ అదే పరిస్థితి. మండీతో ఇచ్చిన మయోనైజ్ వాళ్లు ముగ్గురూ తిన్నారు. నాకది పడదు, ముట్టుకోలేదు, నాకేమీ కాలేదు. అమ్మ మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది, 38,600 రూపాయలు అయింది. వారం తర్వాత వెళ్లి అడిగితే మేనేజర్ అందరి ముందూ ‘ముసలివాళ్లను మండీకి ఎందుకు తీసుకొస్తారు?’ అన్నాడు. అమ్మ ఇప్పటికీ ఆ మాట తలచుకుని ఏడుస్తుంది. కాగితం బిల్లు పోయింది. 5,240 రూపాయలు స్నేహితుడే ఫోన్‌లో కట్టాడు, అందులో సర్వీస్ చార్జి కూడా ఉంది. ఈ ఏప్రిల్‌లో లాయర్ నోటీసు పంపాను, జవాబు రాలేదు. తెలంగాణలో మయోనైజ్ నిషేధించారు కదా, అదే సాక్ష్యంగా సరిపోదా? తెలిసిన డాక్టరుగారు ‘మయోనైజ్ వల్లే’ అని ఇప్పుడు సర్టిఫికెట్ రాసిస్తానంటున్నారు. స్నేహితులేమో 5 లక్షలు ఇవ్వకపోతే వీడియో పెడతామని ఓనర్‌కి మెసేజ్ పెట్టమంటున్నారు. పది లక్షల పరిహారం వస్తుందా?

జవాబు: ముందు క్యాలెండర్ తీయండి. మీరు ఉత్తరం రాసింది 2025 సెప్టెంబర్ 28న. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లు. అంటే మీ చేతిలో ఉన్నది నవంబర్ 18 దాకా, ఏడు వారాలు. ఏప్రిల్‌లో నోటీసు పంపాను కాబట్టి అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలవుతుందని మీరు అనుకుంటున్నట్టు మీ మాటల్ని బట్టి తెలుస్తోంది. మొదలవదు. నోటీసు పంపినా, వాళ్లు జవాబివ్వకపోయినా, మీరు ఎదురుచూస్తూ కూర్చున్నా గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే దారి అదే సెక్షన్‌లో ఉంది కానీ, దానికి సరైన కారణం చూపించాలి. ‘జవాబు వస్తుందని చూశాను’ అన్నది వినియోగదారుల కమిషన్ (ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే కోర్టు లాంటిది) ఒప్పుకునే కారణం కాదు. ఏడాదిన్నర పాటు ఏం చేశారని నేను అడగడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా అడుగుతున్నాను, ఎందుకంటే మొదటి నెలలోనే మీరు వచ్చి ఉంటే ఈ కేసులో సగం పని అప్పుడే అయిపోయేది.

ఇక మేనేజర్ అన్న మాట. ఆ మాట తప్పే. కానీ దానికి రికార్డింగ్ లేదు, వచ్చి సాక్ష్యం చెప్పే బయటివాళ్లు లేరు. ఫిర్యాదులో దానికి ఒక్క వాక్యం ఇవ్వండి, అంతకు మించి వద్దు. కమిషన్ ముందు తేలాల్సింది వేరే: మీ అమ్మగారి జబ్బు ఆ పళ్లెం నుంచే వచ్చిందా, లేక ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా?

దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు ఏదో దారిలో జరిగిన ముచ్చటలా రాసి వదిలేశారు. సిద్దిపేట దగ్గర మిర్చి బజ్జీలు. రెస్టారెంట్ తరఫు లాయరు మొట్టమొదట పట్టుకునేది దాన్నే, ‘దారిలో రోడ్డు పక్కన ఏదో తిన్నారు, దానివల్లే అయ్యుంటుంది’ అంటారు. నూనె ఎప్పటిదో, పిండి ఎప్పటిదో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ వాదన వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు మీరు రాసిందే మళ్లీ ఒకసారి చదవండి. అమ్మగారు, బాబు మయోనైజ్ తిన్నారు, బజ్జీ తినలేదు, ఇద్దరికీ వాంతులయ్యాయి. మీరు బజ్జీ తిన్నారు, మయోనైజ్ తినలేదు, మీకేమీ కాలేదు. చెల్లెలు రెండూ తిన్నారు, ఆమెకీ వచ్చింది. నలుగురూ ఒకే పళ్లెంలో అన్నం, మాంసం తిన్నారు. మయోనైజ్ ఒక్కటే తేడా. మీరు కేసును బలహీనం చేస్తుందని భయపడి బజ్జీల సంగతి దాచిపెడితే, క్రాస్ ప్రశ్నల్లో అది బయటపడి మొత్తం మునుగుతుంది. దాచకుండా మొదటి పేజీలోనే రాస్తే అదే మీకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. చెల్లెలు బజ్జీ తిన్నారన్నది కూడా అలాగే రాయాలి, ఒక్క ముక్క మార్చకూడదు.

అయితే ఇదంతా మీరు ఇప్పుడు చెబుతున్న మాట. రెండేళ్ల తర్వాత కుటుంబం మొత్తం ఒకే మాట చెప్పడంలో విశేషం లేదని అవతలివాళ్లు అంటారు. ఆ రాత్రి, ఇంకా ఏ కేసూ ఏ డబ్బూ మనసులో లేనప్పుడు, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ‘ఏం తిన్నారమ్మా?’ అని అడిగి ఉంటారు. మీ అమ్మగారో, మీరో ఏదో చెప్పి ఉంటారు. దాన్ని కేసు షీట్‌లో రాసి ఉంటారు. మీరు నాకు పంపిన డిశ్చార్జి సమ్మరీలో ‘అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్’ (కడుపు, పేగుల వాపు) అని తప్ప ఇంకేమీ లేదు, అది కలుషితమైన నీళ్లు తాగినా వస్తుంది. మనకు కావాల్సింది కేసు షీట్‌లో ఆ మొదటి నాలుగు లైన్లు. ‘హైదరాబాద్‌లో హోటల్ భోజనం చేసిన ఐదున్నర గంటల తర్వాత వాంతులు’ అని ఉంటే మీ కేసు నిలబడుతుంది. ఏమీ రాయకపోయి ఉంటే కష్టపడాలి. ‘దారిలో బజ్జీలు తిన్నారు’ అని మాత్రమే ఉంటే, ఆ మాట మీ నోటి నుంచే వచ్చి ఉంటే, ఈ కేసు మీద ఇంకో రూపాయి పెట్టకండి అని చెప్పడానికి నేను వెనకాడను.

ఆ షీట్ ఇంకా ఉంటుందా అంటే, ఉండాలి. వైద్యుల వృత్తి నియమావళి, 2002 ప్రకారం ఆసుపత్రిలో చేరిన పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి, పేషెంట్ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి రేపే మీ అమ్మగారి సంతకంతో దరఖాస్తు రాసి, నకలు మీద ఆసుపత్రి వాళ్ల స్టాంపు వేయించుకోండి. పేషెంట్ ఆవిడ కాబట్టి సంతకం ఆవిడదే ఉంటే మంచిది. మలపరీక్ష ఏదైనా చేసి ఉంటే ఆ రిపోర్టు కూడా అడగండి. చెల్లెలు, బాబు ఓపీలో చూపించుకున్న చీటీలు, మందుల షాపు బిల్లులు ఇంట్లో ఏ డబ్బాలో ఉన్నాయో వెతకండి. తిన్న ఎన్ని గంటలకు వాంతులు మొదలయ్యాయన్నదీ ముఖ్యమే. కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం గంట నుంచి 6 గంటల్లోనే వాంతులు తెప్పిస్తుంది, సాల్మొనెల్లా లాంటివైతే ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. ఇది మనం చెప్పేది కాదు, చికిత్స చేసిన డాక్టరుగారు అఫిడవిట్‌లో చెప్పాల్సింది.

అందుకే ఆ తెలిసిన డాక్టరుగారి సర్టిఫికెట్ వద్దే వద్దు. ఆయన ఆ రాత్రి మీ అమ్మగారిని చూడలేదు. చూడని పేషెంట్‌కి, చూడని తిండి వల్ల జబ్బు చేసిందని రెండేళ్ల తర్వాత రాసిచ్చే కాగితం తప్పుడు సాక్ష్యం, పాత తేదీ వేస్తే మరీ ప్రమాదం. మీమీదా ఆయనమీదా క్రిమినల్ కేసు అయ్యే అవకాశం ఉంది, అంతకంటే ముందు జరిగేది ఏమిటంటే, ఆ ఒక్క కాగితం దొంగదని తేలిన మరుక్షణం మీ నిజమైన కేసు షీట్‌ని కూడా ఎవరూ నమ్మరు. నిజం మీ వైపే ఉండగా దాని పక్కన అబద్ధం తెచ్చి ఎందుకు పెడతారు?

మీ స్నేహితులు చెప్పిన మెసేజ్ దీనికన్నా చెడ్డ సలహా. ‘5 లక్షలు ఇవ్వు, లేకపోతే వీడియో పెడతాం’ అని రాస్తే మీకు న్యాయంగా రావాల్సిన డబ్బు అడిగినట్టు కాదు, బెదిరించి డబ్బు గుంజడం అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద అలా వసూలు చేస్తే 7 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు, డబ్బు చేతికి రాకపోయినా అందుకోసం భయపెట్టడం కూడా ఆ సెక్షన్‌లో నేరమే. మీ అనుభవాన్ని నిజాయితీగా నలుగురికీ చెప్పే హక్కు మీకుంది, కానీ దానికి రేటు కట్టి అవతలివాళ్లకు పంపితే మీరే స్టేషన్ మెట్లెక్కాల్సి వస్తుంది. ఎవరైనా ఇప్పటికే అలాంటి మెసేజ్ పంపి ఉంటే దాన్ని డిలీట్ చేయకుండా వెంటనే నాకు చెప్పండి. రాజీకి చట్టంలోనే దారి ఉంది. కేసు వేశాక రెండు పక్షాలూ ఒప్పుకుంటే కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది. చాలా రెస్టారెంట్లు కేసు షీట్ చూశాక అక్కడే మాట్లాడుకోవడానికి వస్తాయి.

మయోనైజ్ నిషేధం మీకు పనికిరాదు. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది 2024 అక్టోబర్ 30 నుంచి, ఏడాది పాటు. మీరు తిన్నది అంతకు పదకొండు నెలల ముందు. ఆ రోజు అది అమ్మడం నిషేధం కాదు. నేపథ్యంగా ఒక లైను రాయొచ్చు, సాక్ష్యంగా మాత్రం చూపించకండి, తేదీలు చూసుకోలేదన్న అభిప్రాయం కలుగుతుంది.

బిల్లు పోయిందన్న టెన్షన్ పెద్దగా అక్కర్లేదు, ఇది మాత్రం సరిదిద్దుకోగలిగిన తప్పే. మీ స్నేహితుడి ఫోన్‌లో చెల్లింపు వివరం ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. రెస్టారెంట్ వాళ్లు జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి, ఆ రాత్రి బిల్లు ప్రతిని తెప్పించమని కమిషన్‌ను అడగొచ్చు. ‘ఎక్స్‌ట్రా మయోనైజ్’ అని అందులో ఉంటే ఇంకా మంచిది. పళ్లేల దగ్గర దిగిన ఫొటోలు ఏ ఫోన్‌తో తీశారో ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. కత్తిరించిన ఫొటోలు, ఫార్వర్డులు కాకుండా అసలు ఫైళ్లు కావాలి, వాటితో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం కావాల్సిన సర్టిఫికెట్ జతచేద్దాం. మిగిలిన తిండిని ఆ రోజే ఫుడ్ సేఫ్టీ అధికారికి అప్పగించి ఉంటే పరీక్ష చేయించేవాళ్లు, ఇప్పుడు ఆ మాట అనుకుని లాభం లేదు.

డబ్బు కట్టింది స్నేహితుడు కదా, నేనెలా వేస్తానని మీరు అడగలేదు కానీ అవతలివాళ్లు అడుగుతారు. కట్టినవాడి అనుమతితో ఆ సేవ అనుభవించినవాళ్లు కూడా వినియోగదారులేనని సెక్షన్ 2(7) చెబుతోంది. నష్టపోయింది అమ్మగారు కాబట్టి ఫిర్యాదు ఆవిడ పేరు మీద వేద్దాం, మీ పేరు మీద కాదు. పార్టీ తానే ఇచ్చానని స్నేహితుడు అఫిడవిట్ ఇవ్వాలి. ఆవిడ ఉండేది కరీంనగర్ కాబట్టి అక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, సెక్షన్ 34 ఆ వెసులుబాటు ఇచ్చింది, పెద్దావిడను హైదరాబాద్ తిప్పాల్సిన పని లేదు. ఫీజు లెక్క కట్టేది మీరు అడిగే పరిహారం మీద కాదు, కట్టిన డబ్బు మీద. 5 లక్షల లోపు ఫీజు లేదు, మీది 5,240. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు. ఏప్రిల్‌లో లాయర్ నోటీసు ఎవరి పేరు మీద పంపారో ఒకసారి చూడండి. బోర్డు మీదున్న పేరు వేరు, ఫుడ్ లైసెన్సు మీదున్న యజమాని పేరు వేరు అయితే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. కమిషన్ నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబు వేయాలి, ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు, ఆ 45 దాటితే కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది.

పది లక్షలు రావు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 సెక్షన్ 65లోనే మామూలు గాయానికి పరిహారం లక్ష దాటకూడదని, తీవ్రమైనదానికి 3 లక్షలు దాటకూడదని ఉంది. వినియోగదారుల కమిషన్‌కి ఆ పరిమితి లేకపోయినా కొలత ఎలా ఉంటుందో అర్థమవుతుంది కదా. ఆసుపత్రి ఖర్చు 38,600, మందులు, ప్రయాణం, మానసిక వేదనకు సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు అడుగుదాం. అతిగా అడిగితే న్యాయమైనది కూడా అనుమానంగా కనిపిస్తుంది.

సర్వీస్ చార్జి సంగతి ఇందులో కలపకండి. దాన్ని బిల్లులో తప్పనిసరిగా వేయకూడదన్న 2022 మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. ఆ డబ్బు కట్టిన మీ స్నేహితుడు కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి విడిగా చెప్పుకోవచ్చు.

ఒక్కటి మాత్రం మీరు అసలు రాయలేదు. రెండో పళ్లెంలో తిన్న నలుగురికి ఆ రాత్రి ఎలా ఉంది? రెండేళ్లలో వాళ్లను ఒక్కసారి కూడా అడగలేదంటే నాకు చాలా ఆశ్చర్యంగా ఉంది. వాళ్లు హైదరాబాద్‌లోనే ఉండిపోయారు, సిద్దిపేట రాలేదు, బజ్జీలు తినలేదు. వాళ్లలో ఒక్కరికి వాంతులై, ఏ క్లినిక్‌లోనైనా చీటీ ఉన్నా చాలు, బజ్జీల వాదన అక్కడితో ఆగిపోతుంది. నలుగురూ బాగానే ఉండి, అదే మయోనైజ్ తిని ఉంటే, అది కూడా ఫిర్యాదు వేయకముందే నాకు తెలియాలి. ఈ సాయంత్రమే నలుగురికీ విడివిడిగా ఫోన్ చేయండి, ఏం చెప్పాలో మీరు నేర్పకండి, ఏం తిన్నారు, ఎలా ఉంది అని మాత్రమే అడిగి రాసిపెట్టుకోండి. ఆ కాగితం, కేసు షీట్ రెండూ తీసుకుని అక్టోబర్ 10 లోపు రండి, అమ్మగారిని కూడా తీసుకురండి, ఆ రాత్రి సంగతి ఆవిడ నోటితోనే వినాలి.