ముందు పుట్టిన తేదీ చూడు

చిరంజీవి అమ్మలుకి,

అమ్మానాన్నలు వెంట లేకుండా సరిహద్దు దాటి వచ్చిన పిల్లల తరఫున నిలబడే చైల్డ్ అడ్వకేట్‌గా హ్యూస్టన్‌లో చేరుతున్నావని తెలిసి సంతోషించాను. చట్టం సంగతి ట్రైనింగులో చెబుతారు. పని ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో నేను రాస్తాను.

ఫైలు చేతికి రాగానే పుట్టిన తేదీ చూడు. పద్దెనిమిది నిండిన రోజున ఆ పిల్ల ఓఆర్ఆర్ చేతుల్లోంచి జారిపోతుంది (మన రింగురోడ్డు కాదులే, షెల్టర్లు నడిపించే ఫెడరల్ ఆఫీసు). సరైన ఏర్పాటు లేకపోతే పెద్దవాళ్ళ డిటెన్షన్‌కి తీసుకుపోతారు. కాబట్టి ఆ రోజు తర్వాత ఎక్కడ ఉంటుంది, ఎవరు తీసుకుంటారు అన్న ప్లాను రాతపూర్వకంగా ఉందా అని కేస్ మేనేజర్‌ని కొన్ని నెలల ముందు నుంచే అడుగుతూ ఉండు. ఆఖరి వారంలో అడిగితే ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు.

ఇంకో గడువు కూడా ఆ తేదీకే ముడిపడి ఉంది. తల్లి గానీ తండ్రి గానీ హింసించి, పట్టించుకోక, లేదా వదిలేసి ఉంటే ఎస్ఐజె (స్పెషల్ ఇమ్మిగ్రెంట్ జువెనైల్) అని, ఆ పిల్ల ఇక్కడే చట్టబద్ధంగా ఉండిపోయే దారి ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ శాఖకి ఐ-360 ఫారం 21 ఏళ్ళ లోపు పెట్టుకోవచ్చు, పెళ్ళి మాత్రం అయి ఉండకూడదు. అయితే దానికి ముందు రాష్ట్ర కోర్టు ఆర్డరు కావాలి. టెక్సాస్‌లో ఆ ఆర్డరు పద్దెనిమిది నిండకముందే రావాలి. కేసు వేస్తే చాలదు, ఆర్డరు చేతికి రావాలి. న్యూయార్క్‌లోనో కాలిఫోర్నియాలోనో గార్డియన్‌షిప్ ద్వారా 21 దాకా వీలుంది గనక, అక్కడివాళ్ళు చెప్పే తీరిక మాటలు విని కూర్చోకు. ఆర్డరులో మూడు సంగతులు కనబడాలి: పిల్ల ఎవరి సంరక్షణలో ఉంది, తల్లిదండ్రుల్లో ఒకరితో గానీ ఇద్దరితో గానీ కలిపి ఉంచడం ఎందుకు కుదరదు, స్వదేశానికి పంపడం ఎందుకు మేలు కాదు. ఏ ఒక్కటి లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. ఆర్డరు రాయించేది లాయరే. గడువు గుర్తు చేయడం నీ వంతు.

వయసు మీద అనుమానం లేవదీస్తే పళ్ళ ఎక్స్‌రే ఒక్కటే పట్టుకుని తేల్చకూడదని ఇలాంటి పిల్లల రక్షణకి వచ్చిన 2008 ఫెడరల్ చట్టం (టీవీపీఆర్ఏ) చెబుతోంది. జనన పత్రం కోసం కాన్సులేట్‌కి ఫోన్ చేద్దామని మాత్రం తొందరపడకు. అసైలం (స్వదేశంలో ప్రాణభయం ఉందని ఇక్కడ ఆశ్రయం) అడుగుతున్న పిల్ల ఎక్కడుందో వాళ్ళ ప్రభుత్వానికి నీ నోటితో చెప్పినట్టవుతుంది. లాయర్ సరే అన్నాకే.

లాయర్ పిల్ల కోరింది వాదిస్తారు. నువ్వు పిల్ల కోరికా రాయాలి, పిల్ల మేలూ రాయాలి. రెండూ వేరైతే వేరని రాయి, దాచకు. నీతో చెప్పిన మాటల మీద సాక్ష్యం చెప్పమని నిన్ను బలవంతపెట్టకూడదని కూడా ఆ 2008 చట్టమే చెబుతోంది. షెల్టర్ కౌన్సిలర్‌కి చెప్పిన మాటలు ఫైలులోకి ఎక్కి, కోర్టులో పిల్లలకే ఎదురు తిరిగిన సందర్భాలున్నాయి. అంతమాత్రాన 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకు. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే టెక్సాస్‌లో ఎవరైనా సరే రిపోర్టు చేయాల్సిందే. అది మొదటి రోజే పిల్లకి అర్థమయ్యేలా చెప్పు.

భాష దగ్గర చాలామంది బోల్తా పడతారు. గ్వాటెమాలా నుంచి వచ్చారంటే స్పానిష్ వచ్చనుకుంటారు. మామ్, కిచే, కంజొబాల్ లాంటి మాయన్ భాషలు మాట్లాడే ఇళ్ళ నుంచి ఎంతోమంది వస్తారు. అలాంటి పిల్ల ప్రతి ప్రశ్నకీ తల ఊపి "సీ, సీ" (స్పానిష్‌లో అవును) అంటుంది. ఫైలులో 'అన్నీ అర్థమయ్యాయి' అని టిక్కు పడిపోతుంది. అవునూ కాదూ కుదరని ప్రశ్న వెయ్యి: ఇంట్లో అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతావు? లాయర్ ఏం చెప్పారో నీ మాటల్లో చెప్పు? తడబడితే ఆ భాష ఇంటర్‌ప్రెటర్ కావాలని ఆరోజే ఈమెయిల్ పెట్టు. పక్క మంచం పిల్లాడి చేత మాట మార్పించకు. మొదటి విజిట్లో ప్రయాణం సంగతులు అడగనే వద్దు, రంగు పెన్సిళ్ళు, ఊనో కార్డులు చాలు.

స్పాన్సర్ (షెల్టర్ నుంచి పిల్లని తమ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు) విషయంలో నిదానించు. 2014లో ఒహాయోలో మేరియన్ దగ్గర కోడిగుడ్ల ఫారంలో గ్వాటెమాలా కుర్రాళ్ళ చేత వెట్టిచాకిరీ చేయించిన ముఠా దొరికింది. వాళ్ళలో కొందరిని ఆ ముఠా మనుషులకి అప్పగించింది ప్రభుత్వమే. ప్రయాణం ఖర్చుకి ఊళ్ళో ఇళ్ళ పత్రాలు తాకట్టు పెట్టించుకున్నారు. అందుకని మెల్లగా అడుగు: అప్పు ఎంత, ఎవరికి, హామీగా ఏం పెట్టారు? స్పాన్సర్ భార్య పేరేంటి, ఆ ఇంట్లో ఇంకా ఎవరుంటారు? బడి ఊసెత్తకుండా పని ఎప్పుడు మొదలెట్టొచ్చని అడిగే స్పాన్సర్ని నమ్మకు. అలాగని ప్రతివాళ్ళనీ అనుమానించకు. 2025 నుంచి గుర్తింపు పత్రాలు, ఆదాయం రుజువుల దగ్గర బాగా బిగించారు. కన్నతల్లికే కాగితాలు చాలక పిల్లలు నెలలకొద్దీ షెల్టర్లోనే ఉండిపోతున్నారు. ఏ కాగితం కోసం, ఎన్నాళ్ళుగా ఆగిందో తేదీలతో రాసి పెట్టు. 'ఆలస్యమవుతోంది' అన్న మాటకి ఎవరూ కదలరు.

విడుదలయ్యాక పిల్ల మేరీల్యాండ్ వెళ్ళిందనుకో, కేసు దాని వెంట వెళ్ళదు. అడ్రసు మారిన ఐదు పనిరోజుల్లో ఇమ్మిగ్రేషన్ కోర్టుకి ఈఓఐఆర్-33 అనే అడ్రసు మార్పు ఫారం ఇవ్వాలి. కేసు అక్కడి కోర్టుకి బదిలీ కావాలంటే వేరే మోషన్ వెయ్యాలి. జడ్జి ఒప్పుకునేదాకా హియరింగు ఇక్కడే. రాకపోతే పంపేయమని ఆర్డరు వేసేస్తారు. ఏ-నంబరు (పిల్ల ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబరు) కొట్టి 1-800-898-7180లో తర్వాతి హియరింగు ఎప్పుడో వినొచ్చు, పిల్లకీ స్పాన్సర్‌కీ దగ్గరుండి ఒకసారి చేయించు. బడివాళ్ళు చేర్చుకోం అంటే, కాగితాలు లేని పిల్లల్నీ బడికి రానివ్వాలన్న 1982 నాటి సుప్రీంకోర్టు ప్లైలర్ తీర్పు గుర్తుచెయ్యి. మీ టెక్సాస్ టైలర్ ఊరి కేసే అది!

మొదటి విజిట్ అయ్యాక ఫోన్ చెయ్యి. పిల్ల పేరూ ఊరూ మాత్రం నాకు కూడా చెప్పొద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ