అటల్ సొరంగం మీదుగా జనవరిలో లేహ్ వెళ్లవచ్చా?
అమలాపురం నుంచి కారులో వెళ్లాలనుకుంటున్నామని అడిగారు. జనవరిలో వద్దు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఈ 9.02 కిలోమీటర్ల సొరంగం హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీని లాహౌల్ లోయతో కలుపుతుంది. రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగే పని లేకుండా మనాలీ-లేహ్ దూరాన్ని 46 కిలోమీటర్లు తగ్గించింది. కానీ ఆ తర్వాత వచ్చే బారాలాచా వంటి కనుమలు చలికాలంలో మంచుతో మూసుకుపోతాయి.

అసలు మేలు లాహౌల్ ప్రజలకు. వరదకు మన లంక గ్రామాలు కొన్ని రోజులు తెగిపోతేనే ఎంత అవస్థ పడతామో తెలుసు కదా, వాళ్లకు ఏటా దాదాపు ఆరు నెలలు అదే స్థితి ఉండేది. ఇప్పుడు శీతాకాలంలోనూ రోగిని రోడ్డు మీద మనాలీ తీసుకురాగలుగుతున్నారు. సొరంగంలో ప్రమాదం జరిగితే తప్పించుకోవడానికి రోడ్డు అడుగునే మరో దారి కట్టడం నాకెంతో నచ్చింది.

మీరు జూన్ తర్వాత బయలుదేరండి.