ఎంటర్ నొక్కేముందు ఎక్కడున్నారో చూసుకోండి

ప్రశ్న: నమస్తే మేడమ్. బట్టల కొట్లో పద్దులు రాస్తాను. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో నాకు బాగా చేయి తిరిగింది, మౌస్ ముట్టుకోను. కానీ వర్డ్‌లో ఏదైనా బాక్స్ తెరిస్తే, ఒక గడి నింపి ఎంటర్ కొట్టగానే బాక్స్ మాయమైపోతోంది. మిగతా గడులు నింపనివ్వదు. వైరస్ అంటున్నారు మా కొట్లో కుర్రాళ్లు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వైరస్ కాదండీ, ఫార్మాట్ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. టాలీ మీ వేళ్లకు నేర్పిన అలవాటే ఇక్కడ అడ్డొస్తోంది. టాలీలో ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్తాం, బ్యాక్‌స్పేస్ కొడితే వెనక్కి వస్తాం. వోచర్ అంతా సరిపోయాక కంట్రోల్ ఎ కొట్టి సేవ్ చేస్తాం. అందుకే అందులో ఎంటర్‌ను ధైర్యంగా కొట్టుకుంటూ పోవచ్చు.

విండోస్ డైలాగ్ బాక్సుల్లో పద్ధతి వేరు. ఓకే, క్యాన్సిల్ బటన్లు ఉంటాయి కదా, వాటిలో ఒకదాని అంచు మిగతావాటికన్నా ముదురుగానో, రంగుగానో ఉంటుంది. సాధారణంగా అది ఓకే. మీరు ఏ గడిలో ఉన్నా సరే, ఎంటర్ కొడితే ఆ బటన్ నొక్కినట్టే. మీరు సగం నింపి ‘అయిపోయింది’ అని చెప్పేస్తున్నారు, అది మీ మాట విని మూసుకుంటోంది.

ఇక్కడ గడి నుంచి గడికి ట్యాబ్‌తో వెళ్లాలి. వెనక్కి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్. అన్నీ నింపాక ఒక్కసారి ఎంటర్. ఏమీ మార్చకుండా బయటపడాలంటే ఎస్కేప్, అది క్యాన్సిల్‌తో సమానం. ట్యాబ్ కొట్టుకుంటూ క్యాన్సిల్ బటన్ మీదికి చేరి ఉంటే మాత్రం ఎంటర్ క్యాన్సిల్‌నే నొక్కుతుంది. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లందరితో మొదట ఒకటే అలవాటు చేయిస్తాను: కీ నొక్కేముందు ఫోకస్ ఎక్కడుందో, అంటే మనం నొక్కే కీ దేనికి తగులుతుందో చూడటం. రాసే గడిలో అయితే కర్సర్ మిణుకుతుంది. బటన్ మీదో, టిక్ పెట్టే గడి మీదో ఉంటే చుట్టూ సన్నటి చుక్కల గీతో, మందపాటి అంచో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ట్యాబ్‌తో ఒక గడిలోకి వెళ్తే అందులో ఉన్నదంతా ఒకేసారి సెలెక్ట్ అవుతుంది. అప్పుడు ఒక్క అక్షరం టైప్ చేసినా పాతది మొత్తం పోతుంది. చివర ఏదైనా కలపాలంటే ముందు ఎండ్ కీ నొక్కండి. అమౌంట్లూ, అడ్రస్‌లూ ఇలాగే పోతుంటాయి, జాగ్రత్త.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ను. మా ఊరి చరిత్ర వర్డ్‌లో రాసుకుంటున్న. చేతులు వణుకుతాయి, మౌస్ బాణం చిన్న చిన్న గడుల మీద నిలవదు. పేజీ నంబర్లు 5 నుంచి మొదలుపెట్టాలె. ఆ బాక్స్‌లో కొన్ని గుండ్రంగ, కొన్ని చతురస్రంగ ఉన్నయి. కొన్ని బూడిద రంగులో ఉన్నయి, ఎంత నొక్కినా కదలవు. పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఏదీ పాడవలేదు సార్. మీ ప్రశ్న చదివి సంతోషమేసింది, ఎందుకంటే ఆ ఒక్క బాక్స్‌లోనే సగం పాఠం ఉంది.

చతురస్రం చెక్‌బాక్స్. ఎన్ని ఉంటే అన్నిటికీ టిక్ పెట్టొచ్చు, ఏదీ పెట్టకపోవచ్చు. గుండ్రటివి రేడియో బటన్లు. ఒక గుంపులో ఒక్కదాన్నే ఎంచుకోవాలి. పాత కార్ల రేడియోల్లో ఒక మీట లోపలికి నొక్కితే అంతకుముందు నొక్కింది పైకి లేచేది, ఆ పేరే దీనికి నిలిచిపోయింది. రెంటికీ కీలు వేరు. చెక్‌బాక్స్ మీదికి ట్యాబ్‌తో వెళ్లి స్పేస్‌బార్ నొక్కితే టిక్ పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. రేడియో బటన్ల గుంపులోకి ట్యాబ్‌తో వెళ్లాక, లోపల ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం కీలతో కదలాలి. చాలామంది ఇక్కడే ట్యాబ్ కొట్టి, గుంపు దాటిపోయి, రెండోది ఏదీ అని వెతుక్కుంటారు.

ఇప్పుడు మీ పేజీ నంబర్లు. ఆల్ట్ ఒకసారి నొక్కి వదలండి. పైన బటన్లుండే పట్టీ (రిబ్బన్) మీద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఎన్ నొక్కితే ఇన్సర్ట్ తెరుచుకుంటుంది. ఆపైన పేజ్ నంబర్ దగ్గర, తర్వాత ఫార్మాట్ పేజ్ నంబర్స్ దగ్గర ఏ అక్షరాలు కనిపిస్తే అవి నొక్కండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండి అక్షరాలు పనిచేయకపోతే విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మారండి. బాక్స్ వచ్చాక అడుగున రెండు గుండ్రటి బటన్లుంటాయి: ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’, ‘స్టార్ట్ ఎట్’. ట్యాబ్‌తో అక్కడిదాకా వెళ్లి, కింది బాణంతో స్టార్ట్ ఎట్ ఎంచుకోండి. పక్క గడిలో 5 వేసి ఎంటర్ కొట్టండి.

బూడిద రంగు గడులంటారా, అవి వేరొకదాని కోసం ఆగి ఉన్నాయి. వాటి పైన ‘ఇన్‌క్లూడ్ చాప్టర్ నంబర్’ అనే చెక్‌బాక్స్ ఉంది చూడండి. దానికి టిక్ పెడితే కిందివి నల్లబడి పనిచేస్తాయి. మీకు వాటితో పని లేదు కాబట్టి అలాగే వదిలేయండి. ఇకమీదట ఏ సాఫ్ట్‌వేర్‌లో గడి బూడిదగా కనిపించినా, దానికి ముందు ఏ టిక్ పెట్టాలో, ఏది సెలెక్ట్ చేయాలో వెతకండి.

ప్రశ్న: ప్రొజెక్టర్ తీసేశాక ఒక విండో స్క్రీన్ అవతలకి పోయింది. కింద టాస్క్‌బార్‌లో ఉంది, కంటికి కనపడదు.
– ఒక లెక్చరర్, అనంతపురం

జవాబు: ఆల్ట్ ట్యాబ్‌తో ఆ విండోను ఎంచుకోండి. తర్వాత ఆల్ట్ స్పేస్ నొక్కి, ఎమ్ నొక్కండి. ఇక బాణం కీలు నొక్కుతూ ఉంటే విండో మెల్లగా స్క్రీన్ మీదికి వస్తుంది. వచ్చాక ఎంటర్.

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాడు. కంప్యూటర్ నేర్పించాలని ఉంది కానీ, మౌస్ పట్టుకోలేనివాడికి కంప్యూటర్ ఎందుకని చుట్టాలంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక అక్క, విజయనగరం

జవాబు: వాళ్ల మాట పట్టించుకోకు తల్లీ. నీ తమ్ముడికి మౌస్ అక్కర్లేదు. ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ ఉంది, అంటే స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టాడు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. కాస్త యంత్రంలా ఉంటుంది, కొద్ది రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

పైన ఇద్దరికీ రాసిన కీలే మీ తమ్ముడికీ. ట్యాబ్ కొట్టినప్పుడల్లా ఫోకస్ దేనిమీద పడితే దాని పేరు, అది బటనా, చెక్‌బాక్సా, టిక్ ఉందా లేదా అన్నది వినిపిస్తుంది. మొదటి రోజుల్లో వర్డ్ జోలికి వెళ్లొద్దు. ఎన్‌విడిఎ ఆన్‌లో ఉండగా కీబోర్డులోని ఇన్సర్ట్ కీ పట్టుకుని పైవరసలోని 1 నొక్కండి. అప్పుడు ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుందే తప్ప పని చేయదు, ఏమీ చెడిపోదు. కీబోర్డంతా వేళ్లకు తెలిసేదాకా అలాగే తడుముకోనివ్వు. మళ్లీ ఇన్సర్ట్ 1 నొక్కితే మామూలైపోతుంది. దారి తప్పినప్పుడు ఇన్సర్ట్ ట్యాబ్ నొక్కితే ఇప్పుడెక్కడున్నాడో చెబుతుంది. మాట ఆపాలంటే కంట్రోల్.

నువ్వు పక్కన కూర్చున్నప్పుడు ‘అదిగో పైన కుడివైపు నీలం బటన్’ అనకు. ‘రెండు ట్యాబ్‌ల తర్వాత సేవ్ బటన్’ అని చెప్పు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో బటన్‌కు పేరు పెట్టకుండా బొమ్మ మాత్రమే పెడతారు. అక్కడ అతనికి ఉత్తి ‘బటన్’ అనే వినిపిస్తుంది. అది అతని తప్పు కాదు, చేసినవాళ్ల నిర్లక్ష్యం. ఆ విండో పేరు, ఎన్నో ట్యాబ్‌కు ఆ బటన్ వచ్చిందో రాసిపెట్టుకుని, సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు మెయిల్ పెట్టండి. ఏం రాయాలో తెలియకపోతే ఆ వివరాలు నాకు పంపు, కలిసి రాద్దాం.