నాన్న వైద్యం గుంటూరుకు మార్చే ముందు

చిరంజీవి బుజ్జమ్మకు మేనత్త ఆశీస్సులు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేశాడు. రిటైరయ్యాక కంపెనీ ఇన్సూరెన్సు పోయింది గనుక ఇకమీదట గుండెకూ షుగరుకూ గుంటూరు సర్కారు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనే చూపించుకుంటాడనీ, హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రి కాగితాలేవీ మోసుకురానక్కర లేదనీ, అన్నీ ఆభా అనే సర్కారు డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరులోనే వెళ్లిపోతాయని నువ్వు చెప్పావనీ అన్నాడు. ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రి వార్డుల్లో గడిపినదాన్ని. మన ఇంటి పిల్ల సర్కారు వైద్యాన్ని నమ్మి తండ్రిని అక్కడికి తీసుకువస్తానంటే నాకెంత సంతోషంగా ఉందో నీకు చెప్పలేను. కానీ ఆ "అన్నీ అందులోనే వెళ్లిపోతాయి" అన్న మాట విన్నప్పటి నుంచి మాత్రం మనసు మనసులో లేదు. అందుకే ఫోనులో తొందరపడి మాట్లాడకుండా ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

తెలిసిన పనులు ముందు చెప్పేస్తాను. మీ నాన్న ఆధార్‌కు ఏ ఫోను నంబరు కలిసి ఉందో చూడు, ఎందుకంటే పద్నాలుగు అంకెల ఆభా నంబరు తీసుకోవడానికి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఆయనది పాత సిమ్ము నంబరే ఉండి ఉంటుందని నా అనుమానం. నీ ఫోనులో నీ ఆభా, ఆయన ఆభా రెండూ పెట్టుకుంటే కౌంటరు దగ్గర ఎవరి పేరు ఎంచుకున్నావో ఒకటికి రెండుసార్లు చూసుకో. ఇది ఆరోగ్య ఖాతా మాత్రమే. ఎన్టీఆర్ వైద్య సేవకు గానీ, ఆయుష్మాన్ భారత్ బీమాకు గానీ దీనితో అర్హత రాదు, వాటి దారి వేరు.

ఇక నువ్వు పొరబడ్డావని నాకనిపించిన చోటికి వస్తాను. 2021 సెప్టెంబరులో, ఈ ఆభా నంబర్లిచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైనప్పుడు మా ఆసుపత్రిలోనూ చాలామంది నీలాగే, నంబరు ఉంటే చాలు, రిపోర్టులన్నీ ఢిల్లీలో ఎక్కడో ఒకచోట భద్రంగా చేరిపోతాయని అనుకున్నారు. అలా జరగదమ్మా. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైందో ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే ఉంటుంది. ఆభా నంబరు ఇంటి నంబరు లాంటిది, ఎవరైనా ఆ చిరునామాకు ఉత్తరం వేస్తేనే మన గుమ్మంలోకి వస్తుంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేరు ఈ మిషన్‌తో అనుసంధానమై ఉండాలి, అక్కడివాళ్లు మీ నాన్న రికార్డును ఆయన ఆభాకు లింకు చేయాలి, లేదంటే నువ్వే ఆభా యాప్‌లో ఆ ఆసుపత్రి పేరు వెతికి ఓటీపీతో లింకు చేసుకోవాలి. జీజీహెచ్ ఓపీ దగ్గర గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే టోకెను వస్తుంది చూడు, దానివల్ల క్యూ తగ్గుతుంది, మంచిదే. అయితే అప్పుడు కౌంటరుకు వెళ్లేది పేరు, వయసు, చిరునామా వంటి వివరాలు మాత్రమే. ఆయన గుండెకు ఏం జరిగిందన్నది ఆ స్కానుతో డాక్టరు గారి ముందుకు రాదు.

లింకు చేయబోతే రికార్డు దొరకలేదని యాప్ చెబితే కంగారుపడకు. మన పేర్లతో వచ్చే చిక్కే అది. ఇంటిపేరు ఆధార్‌లో ముందు ఉంటుంది, ఆసుపత్రి ఫైలులో వెనక ఉంటుంది, ల్యాబు రిపోర్టులో పొడి అక్షరమై కూర్చుంటుంది. పుట్టిన సంవత్సరం ఒకచోట ఒకటి, ఇంకొకచోట ఇంకొకటి. చేర్చుకున్న రోజు హడావుడిలో ఫోను నంబరు కూడా నీదో, మీ బాబాయిదో ఇచ్చి ఉంటారు. వెతకడం ఈ వివరాల మీదే ఆధారపడుతుంది గనుక, ఆ ఆసుపత్రి రికార్డు సెక్షనుకు ఆధార్ కాపీ పట్టుకుని స్వయంగా వెళ్లి సరిచేయించుకో. హైదరాబాదులో ఉండగానే ఆ పని పూర్తిచెయ్యి. పనిలో పనిగా మొత్తం కేస్ షీటు, అంటే ఆసుపత్రిలో రాసిన చికిత్స వివరాలన్నిటి కాపీ కావాలని రాతపూర్వకంగా అడుగు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. కౌంటరు దగ్గర "డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదమ్మా, ఇంకేం కావాలి" అంటే గొడవపడకుండా, కదలకుండా నిలబడు. మాట పెంచకుండా నిలబడటం మీ నాన్నకు చేతకాదు, నీకు వచ్చు.

ఇప్పుడు మీ పెద్దత్త సంగతి చెప్పాలి. నీకు తెలిసింది సగమే. నువ్వు అప్పటికి బడిలో ఉన్నావు గనుక "పెద్దత్త కళ్లు తిరిగి పడిపోయింది" అని చెప్పి ఊరుకున్నాం.

పెద్దత్త షుగరుకు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకునేది. ఆయన రాసింది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే రెండు షుగరు మందులూ కలిపి చేసిన ఒకే బిళ్ళ. అయితే అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, దాని చివర ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె. అసలు మందుల పేర్లు కింద చీమల బారులా ఉంటాయి, అవి ఆమె కంటికి ఆనవు. చేతిలో డబ్బు ఆడని ఒక ఏడాది బావగారు ఆమెను సర్కారు ఆసుపత్రికి మార్చాడు. అక్కడి డాక్టరు గారు "ఏం వాడుతున్నావమ్మా" అని అడిగితే "పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ, తెల్లగా ఉంటాయి" అంది. పాత చీటీ ఇంట్లో క్యాలెండరు మేకుకు గుచ్చి ఉంది. ఆయన రక్తపరీక్ష చూసి గ్లిమెపిరైడ్ ఒకటి, మెట్‌ఫార్మిన్ ఒకటి విడివిడిగా రాశారు. ఫార్మసీ కిటికీ దగ్గర ఇచ్చిన అట్టల మీద ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అన్న ముద్ర ఉంది. ఆ ముద్ర చూసే కాబోలు, సర్కారు బిళ్ళలకు పవరు ఉండదని మీ పెద్దత్తకు గట్టి నమ్మకం. ఇంట్లో పాత డబ్బా ఇంకా సగం ఉంది, డబ్బు పోసి కొన్నది, పారేయడానికి మనసొప్పలేదు. పాతవి పాతవిగానే వేసుకుంటూ కొత్తవీ మొదలుపెట్టింది, అంటే అవే మందులు రెండుసార్లు పడ్డాయి.

వారం తిరక్కముందే ఒక తెల్లవారుజామున బావగారు లేచి చూస్తే పక్కబట్టలు చెమటతో తడిసి ఉన్నాయి, ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి గానీ పిలిస్తే పలకలేదు. పక్షవాతమనుకుని మా వార్డుకే తెచ్చారు. డ్యూటీలో నేనే ఉన్నాను. గ్లూకోమీటరులో 34 వచ్చింది. 70 కంటే తగ్గితేనే తక్కువ అంటాం. డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు, ఎక్కించగానే లేచి కూర్చుని నన్ను చూసి నవ్వింది, మంచినీళ్లు అడిగింది, అందరూ ఊపిరి పీల్చుకుని కాఫీ తాగడానికి బయటికి వెళ్లారు. రెండు గంటలకు మళ్లీ పడిపోయింది. ఆమె మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిని ఉండటంతో ఆ గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి త్వరగా పోలేదు. ఆ రోజంతా, మరునాడు సాయంత్రం దాకా సెలైనులో గ్లూకోజు ఆపకుండా పెట్టి, గంటగంటకూ వేలు గుచ్చి చూడవలసి వచ్చింది. బతికింది. కానీ తర్వాత ఎప్పుడూ ఒంటరిగా పడుకోలేదు, చీర కొంగుకు బెల్లం ముక్క ముడివేసుకుని తిరిగేది. ఆ ముడి చూసి మీరంతా నవ్వేవారు.

ఇందులో తప్పు చేసింది ఎవరని బావగారు చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు. ప్రైవేటు డాక్టరు చీటీ సరైనదే, సర్కారు డాక్టరు చీటీ సరైనదే. ఒక మందు ఆపి ఇంకొకటి వేసుకోమని ఆమెకు నోటితో చెప్పినవాళ్లు ఎవరూ లేరు, అంతే. ఆ రోజుల్లో ఆభా ఉండి, రెండు చోట్ల రికార్డులూ లింకయి, ఆమె అనుమతి ఇచ్చి ఉంటే పాత చీటీ కొత్త డాక్టరుకు కనిపించి ఉండేది. చాలా మేలే జరిగేది, కాదనను. అయితే ఆమె ఫోనులో మాత్రం రెండు చీటీలూ ఒకదాని కింద ఒకటి, దేని తేదీ దానికి, పొందికగా ఉండేవి. వాటిలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది ఏ చీటీ మీదా రాసి ఉండేది కాదు. వేరువేరు ఆసుపత్రుల రికార్డులను ఒకచోటికి చేర్చడం ఈ ఏర్పాటు పని. చేరినవాటిని సరిచూసి కొట్టివేయవలసినది కొట్టివేయడం ఇప్పటికీ మనిషి పనే, ఆ మనిషివి నువ్వు కావాలి.

అందుకని మీ నాన్న వేసుకునే మాత్రలన్నీ, చూర్ణాలూ, నొప్పి బిళ్ళలూ, నిద్రకు వేసుకునేవీ సహా ఒక సంచిలో వేసుకుని కూర్చో. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చూసి ఒక కాగితం మీద రాయి: మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికోసం, ఎవరు మొదలుపెట్టారు. కలిపి చేసిన బిళ్ళ అయితే లోపలి మందులను విడివిడిగా రాయి. జీజీహెచ్‌లో కొత్త చీటీ రాగానే డాక్టరు గారి ముందే ఈ కాగితం పెట్టి "ఇందులో ఏవి ఆపాలి" అని అడిగి, ఆపమన్నవాటిని ఆయన చేతనే కొట్టివేయించు. ఫార్మసీలో వేరే కంపెనీ అట్ట ఇస్తే "ఇది ఈ వరుసలోదేనా" అని ఫార్మసిస్టుకు చూపించు. ఇంటికి రాగానే ఆపేసిన మాత్రలు డబ్బా సహా ఇంట్లో లేకుండా చెయ్యి. డబ్బు దండగని మీ నాన్న అంటాడు, పెద్దత్త తమ్ముడే కదా. వినకు.

గుండె విషయంలో నాకు ఇంకొక భయం ఉంది. మీ నాన్నకు స్టెంటు ఏ తేదీన వేశారు, ఏ రక్తనాళంలో, ఏ రకం స్టెంటు అన్నది చీటీలు ఎన్ని మారినా మారకూడని సమాచారం. ఆస్పిరిన్‌తో పాటు వేసుకునే రెండో రక్తం పలచబడే మందును ఎప్పటివరకు వాడాలన్నది ఆ తేదీని బట్టి, మనిషిని బట్టి గుండె డాక్టరు తేలుస్తారు. పన్ను పీకించుకోవడానికి వెళితే ఎవరో ఆపమన్నారనో, ఫార్మసీలో ఈ నెల లేదన్నారనో దాన్ని ఒక్కరోజు కూడా మీ అంతట మీరు ఆపకండి. యాంజియోగ్రామ్ రిపోర్టు ఆభాలో కనిపించినా సీడీ విడిగా అడిగి తెచ్చుకో. కొత్త డాక్టరు రాతను చదివి ఊరుకోరు, రక్తనాళాలు కదిలే బొమ్మను తన కళ్లతో చూడాలంటారు, అది ఆ సీడీలోనే ఉంటుంది.

అనుమతి సంగతి కూడా చెప్పాలి. డాక్టరు తన కంప్యూటరు నుంచి అడిగినప్పుడు ఫోనులో ఒక అభ్యర్థన వస్తుంది: ఎవరు అడుగుతున్నారు, దేనికి, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంతకాలం చూడవచ్చు అని. అవన్నీ చదవకుండా ఒప్పుకోవద్దు. తేదీలు తగ్గించుకోవచ్చు, కొన్ని రికార్డులు వదిలేయవచ్చు, ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. నువ్వు కంప్యూటరు మనిషివి, ఇవి నాకంటే నీకే బాగా తెలుసు. నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆ నంబరు మీ నాన్నది, ఆ అనుమతీ మీ నాన్నదే. ఫోను ఆయన చేతిలోంచి లాక్కుని ఓటీపీలు నువ్వే కొట్టేయకు. ప్రతి మనిషికీ కూతురితో చెప్పుకోలేని జబ్బు ఒకటైనా ఉంటుంది. పక్కన కూర్చుని చదివి వినిపించు, వేలు ఆయన్నే పెట్టనీ. వార్డులో ముసలివాళ్ల ఎదుటే వాళ్ల పిల్లలతో మాత్రమే మాట్లాడే డాక్టర్లను చూసి నేను ఎన్నిసార్లు మండిపడ్డానో, ఇప్పుడు నిన్ను కూడా ముందుగానే కోప్పడుతున్నాను. ఏమనుకోకు తల్లీ, మీ అమ్మ ఉంటే ఈ మాట ఆమే చెప్పేది.

గుంటూరు నుంచి తిరిగి ప్రైవేటుకు పరుగెత్తవలసిన రోజు కూడా రావచ్చు, అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే దగ్గరలో ఏది ఉంటే అక్కడికే వెళతాం. సర్కారు ఓపీ చీటీ మీద డాక్టరు చేత్తో రాసింది ఆభాలోకి దానంతట అది చేరుతుందనుకోకు. ఇంటికి వచ్చిన రోజే చీటీకి రెండు వైపులా ఫోటో తీసి, తేదీ వేసి ఫోనులో దాచు. మందుల కాగితం కాపీ ఒకటి మడిచి మీ నాన్న చొక్కా జేబులో, ఒకటి బీపీ మిషను పెట్టెలో ఉంచు. ఫోనుకు ఛార్జింగు ఉండదు, ఉన్నా లాకు తెలిసినవాడు పక్కన ఉండడు.

మొదటిసారి చూపించడానికి ఏ రోజు వస్తున్నారో ముందుగా రాయి. కార్డియాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో నేను కనుక్కుని ఉంచుతాను, పొద్దున్నే తెనాలిలో రైలెక్కి మీకంటే ముందే ఓపీ గేటు దగ్గర ఉంటాను. మాత్రల సంచి మరచిపోకు, అక్కడే బల్ల మీద పరిచి ఇద్దరం కలిసి ఒకసారి సరిచూద్దాం. మీ నాన్నను పరగడుపున తీసుకురాకు. పరీక్షకు పరగడుపున రమ్మని వాళ్లు చెబితే తప్ప ఇడ్లీ తినిపించే బయల్దేరదీయి, ఓపీలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

మీ అత్తయ్య