ఓడ మీద మూడు రోజులకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: నేను బొబ్బిలిలో రిటైరైన టీచర్ని. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి మా ఇద్దరినీ టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల క్రూజ్‌కి తీసుకెళ్తోంది. అందులో 3 రోజులు ఏ రేవూ తగలదట, ఓడ మీదే ఉండాలి. "అన్నీ టికెట్లోనే ఉన్నాయి, డబ్బు తేవొద్దు" అంటోంది. అల్లుడి ముందు చెయ్యి చాచడం మాకిష్టం లేదు. సేవింగ్స్‌లో 80 వేలున్నాయి. 2 లక్షల ఎఫ్‌డీ బ్రేక్ చేయమంటారా?

జవాబు: వద్దు మాస్టారూ. మీ సేవింగ్స్ సరిపోతుంది. కాకపోతే "అన్నీ టికెట్లోనే" అన్న మాటను కాస్త విడదీసి చూడాలి.

గది, మెయిన్ డైనింగ్ హాల్లోనూ బఫేలోనూ భోజనం, మంచినీళ్ళు, మామూలు టీ కాఫీలు, ఈత కొలను, జిమ్, రాత్రి థియేటర్ షోలు టికెట్లో వచ్చేస్తాయి. రానివి సర్వీస్ టిప్పు, వైఫై, మద్యం, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, ఫొటోలు, క్యాసినో. ఓడలోని దుకాణాలూ క్యాసినో రేవులో ఉన్నంతసేపూ మూసి, సముద్రంలోకి వెళ్ళాకే తెరుస్తారు. దిగి వెళ్ళడానికి వేరే చోటు ఉండదు కాబట్టి రేవు లేని రోజే ఓడవాళ్ళకు అమ్మకాల రోజు.

ఆ రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే ఖర్చు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి కోట ముందు పొద్దున్నే చోటు పట్టుకున్నట్టు, ఎనిమిదింటికల్లా కొలను చుట్టూ కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచేస్తారు. మనిషి లేకుండా అరగంటో నలభై నిమిషాలో ఉంటే సిబ్బంది తీసేయొచ్చు. కొలను దగ్గర కూర్చోగానే ట్రేలో రంగురంగుల గ్లాసులు వస్తాయి. అవి ఉచితం కాదు, ధర మీద సాధారణంగా 18 నుంచి 20 శాతం సర్వీస్ కూడా పడుతుంది. క్విజ్, డాన్సు పాఠం, తువ్వాలుతో ఏనుగు మడతపెట్టడం నేర్పే క్లాసు ఉచితం. బింగో (మన హౌసీ లాంటి ఆట)కి కార్డు కొనాలి. స్పావాళ్ళ "ఉచిత సెమినార్" చివరికి క్రీములు అమ్మడానికే. పెయింటింగ్‌ల వేలంలో షాంపేన్ ఊరికే పోస్తారు, పాట మాత్రం పాడకండి. మసాజ్ కావాలంటే రేవు రోజున తీసుకోండి, అప్పుడు జనం దిగిపోతారు కాబట్టి రాయితీలు ఇస్తారు.

మద్యం ప్యాకేజీ (రోజుకింతని ముందే కట్టి తాగే పథకం) విషయంలో చాలా కంపెనీలు ఒక గదిలో ఒకరు కొంటే రెండో పెద్దవాళ్ళూ కొనాలంటాయి. అది అమ్మాయి, అల్లుడు తేల్చుకోవాల్సిన లెక్క, మీరు తలదూర్చకండి.

ఇక మీ లెక్క. టిప్పు మనిషికి రాత్రికి 18 డాలర్లు అనుకుంటే ఇద్దరికి 252. అమ్మాయి ముందే కట్టేసిందేమో అడగండి. వైఫై ఒక ఫోనుకి 3 రోజులకు 75. స్పెషల్ కాఫీలు, ఒకట్రెండు ఫొటోలకు 90. మూడు రేవుల్లో ఇద్దరికీ కలిపి 180. మొత్తం 597, అంటే దాదాపు 600 డాలర్లు. డాలరు 90 రూపాయల చొప్పున 54 వేలు. మిగిలిన 26 వేలల్లోంచి ప్రయాణ బీమా కట్టండి. అది ఇండియాలో బయల్దేరకముందే తీసుకోవాలి. క్రూజ్, అత్యవసర తరలింపు అందులో ఉన్నాయో లేదో చూడండి, బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ఓడలో డాక్టర్ని చూస్తే బిల్లు మీ ఖాతాలో పడుతుంది, మన రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ కార్డు అక్కడ పనిచేయదు.

ఓడలో నోట్లు నడవవు, గది కార్డు గీకాలి. దానికి డెబిట్ కార్డు గానీ ఫారెక్స్ కార్డు (ముందే డాలర్లు నింపుకునే కార్డు) గానీ ముడిపెట్టకండి. ఖర్చు చేయకపోయినా కొంత సొమ్మును బ్లాక్ చేస్తారు, ఓడ దిగాక కూడా కొన్నాళ్ళదాకా అది విడుదల కాకపోవచ్చు. ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌ (ఓడలోని రిసెప్షన్ కౌంటర్)లో 420 డాలర్లు నగదు డిపాజిట్ కట్టండి. అయిపోతే కార్డు ఆగిపోతుంది. అమ్మాయి తన క్రెడిట్ కార్డు మీ గదికి కలిపితే మాత్రం ఈ కట్టడి ఉండదు, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

ఓడ కదలగానే ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే అది ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, మన రోమింగ్ ప్యాకులు దానికి సాధారణంగా వర్తించవు. పెద్ద సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది కాబట్టి మందులు చేతి సంచిలో ఉంచుకోండి. ఇంటి ఆవకాయ సీసా, నీళ్ళు కాచుకునే కెటిల్ ఎక్కేటప్పుడే ఆపేయొచ్చు. సీలు విప్పని ప్యాకెట్లను సాధారణంగా ఒప్పుకుంటారు. శాకాహారులైతే మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పండి, మర్నాటి నుంచి పప్పూ కూరా లాంటివి వండించగలరు.

చివరి రోజు మధ్యాహ్నమే బిల్లు తెరిచి చూడండి. మీరు తాగనిది పడి ఉంటే అప్పుడే చెప్పాలి. రాత్రయితే కౌంటర్ దగ్గర గంట క్యూ. డిపాజిట్‌లో మిగిలింది కూడా అక్కడే వెనక్కి తీసుకోవాలి.