ఆ ఫార్మలిన్ సీసా జోలికి పోకు

చిట్టితల్లీ,

మార్చురీ శాంపిళ్లు చూసే డీఎన్ఏ ల్యాబ్‌లో చేరుతున్నావని నిన్న మీ నాన్న చెప్పాడు. వాడిది బెంగ, నాది గర్వం అనుకున్నాను. తీరా పడుకున్నాక నాకూ నిద్ర పట్టలేదు.

గ్లవ్స్, మాస్కు, ఒక్కో శవానికీ కొత్త బ్లేడు. ఇవి అక్కడే నేర్పుతారు. నేర్పారు కదా అని ధీమా మాత్రం వద్దు. యూరప్‌లో డజన్ల కొద్దీ నేరాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరుకుతోందని పోలీసులు ఏళ్ల తరబడి వెతికారు. తీరా 2009లో తేలింది, అది శాంపిల్ తీసే దూదిపుల్లలు ప్యాక్ చేసిన ఆవిడదని!

ఇక నా బుద్ధితక్కువ పని విను. నేను ఇలాంటి ల్యాబ్‌లోనే చేరిన మొదటి ఏడాది, నీళ్లలో దొరికిన శవం. ముఖం ఆనవాలు లేదు, వేళ్ల చర్మం ఊడిపోయింది. తొడ కండ కోశాను. బల్ల మీద మైక్రోస్కోపు పరీక్షల కోసం పెట్టిన ఫార్మలిన్ సీసా ఉంది. ముక్క కుళ్లకుండా ఉంటే చాలనుకుని అందులో వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో లేబుల్ రాశాను. మూడు వారాల తర్వాత తీస్తే కండ రబ్బరులా గట్టిగా, చూడ్డానికి భేషుగ్గా ఉంది. లోపల డీఎన్ఏ మాత్రం తునాతునకలై, ప్రొటీన్లకు అతుక్కుపోయింది. ఫార్మలిన్ కణాల ఆకారాన్ని నిలుపుతుందే తప్ప డీఎన్ఏను కాదు. మనిషిని గుర్తుపట్టించే డీఎన్ఏ గుర్తులు, అంటే మార్కర్లు, పొట్టి తునకల మీదున్నవి రెండో మూడో పలికాయి, పొడవాటివి ఒక్కటీ రాలేదు. తల్లి చెంపలోంచి తీసిన శాంపిల్ శుభ్రంగా ఉంది. పోల్చడానికి ఇవతల ఏదీ?

మా సారు తిట్టలేదు. "పన్నేమైనా ఉందా?" అన్నారంతే. వయసు తేల్చడానికి పీకి, కాగితం కవర్లో పెట్టిన దవడపన్ను ఒకటుంది. ఎనామిల్ కింద భద్రంగా ఉన్న డీఎన్ఏతో ఆ బిడ్డ ఎవరో తేలింది, కానీ నాలుగు నెలలు పట్టింది. ఇన్నాళ్లెందుకయ్యా అని ఆ తల్లి అడిగితే "మెషీన్ పాడైందమ్మా" అన్నాను. తప్పు కన్నా ఆ అబద్ధమే నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

అందుకే చెప్తున్నా, డీఎన్ఏ కోసం తీసిన ముక్కను నేరుగా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టు. ఏళ్లపాటు ఉంచాలంటే మైనస్ 80. ఫ్రీజర్ దూరమైతే 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యి. ముక్క చిన్నగా కొయ్యి తల్లీ, పెద్దదైతే ద్రవం లోపలికి దిగేలోపే నడిమధ్య కుళ్లిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబులోకే తియ్యి. డీఎన్ఏను తినే ఎంజైమ్‌కు మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ దాన్ని ముందే పట్టేసుకుంటుంది. గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు వేసిన ట్యూబు మాత్రం వద్దు, అది డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్‌ను చెడగొడుతుంది. తడి బట్టల్ని ప్లాస్టిక్‌లో మూట కట్టావో, నీ చెవి మెలేస్తాను. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టు.

శవం బాగా కుళ్లిపోయిందని చేతులెత్తేయకు. తొడ ఎముక, పళ్లు ఉంటాయి. 1918లో చంపేసిన రష్యా రాజకుటుంబం ఎముకల్ని 1991లో తవ్వి తీస్తే, వాటిలో ఆ రష్యా రాణి, పిల్లల ఎముకల్లోని మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి నుంచే పిల్లలకొచ్చేది), ఆ రాణి వైపు బంధువైన బ్రిటన్ ప్రిన్స్ ఫిలిప్ రక్తంతో సరిపోయింది.

మొదటి రోజు వాసనకి తిండి సహించకపోతే సిగ్గుపడకు, నాకు వారం పట్టింది. ఏదైనా ముక్క పాడుచేస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. తిడతాను. తర్వాత ఆ ఇంటివాళ్లకి ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

మీ పెదనాన్న