‘వరుసగా’ అంటే ఏడూ మూడూ పదా?

సందేహం: ‘రాత్రిపూట ఇంట్లో చొరబడి దొంగతనం చేసిన కేసులో రెండు నేరాలకు దోషికి వరుసగా ఏడేళ్లు, మూడేళ్లు జైలు. శిక్షలు ఒకేసారి అమలు’ అని పేపర్లో చదివాను. లోపల ఉండేది ఏడేళ్లా, పదేళ్లా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఏడేళ్లే. మీరు తికమకపడటంలో తప్పేమీ లేదు, ఆ వాక్యమే అలా ఉంది.

‘వరుసగా’ రెండు పనులు చేస్తుంది. ‘వరుసగా మూడు రోజులు వాన’ అంటే ఒకదాని తర్వాత ఒకటి. ఈ వార్తలో మాత్రం మొదటి నేరానికి మొదటి అంకె, రెండోదానికి రెండోది అని. జైలు వార్తలో ఈ రెండర్థాలూ ఢీకొంటాయి. ‘చొరబడినందుకు ఏడేళ్లు, దొంగతనానికి మూడేళ్లు’ అని రాస్తే గొడవే ఉండదు.

‘ఒకేసారి’తోనూ చిక్కే. ‘అప్పు ఒకేసారి కట్టేసిన’ అంటే మొత్తం కలిపి కట్టినట్టు. అలా వింటే ‘శిక్షలు ఒకేసారి’ అన్నది మధ్యలో విడుదల లేకుండా పదేళ్లు అని కూడా తోస్తుంది. అందుకే ‘ఏకకాలంలో’ అనడం మేలు. కొందరు రాసే ‘సమకాలీన శిక్షలు’ నాకు నచ్చదు. సమకాలీనత కవులకు, రాజులకు చెప్పే మాట.

వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు తలుచుకోండి. ఏడు మూరలదాని మీద మూడు మూరలది పరిస్తే పొడవు ఏడే. చివరకు చివర చేర్చి పరిస్తే పది. మొదటిది ఏకకాలం. రెండోది ‘ఒకదాని తర్వాత ఒకటి’, మనదగ్గర ‘ఒకదానెనుక ఒకటి’.

ఒకే విచారణలో పలు నేరాలు రుజువైనప్పుడు, పాత నేర విచారణ స్మృతి 31వ సెక్షన్ ప్రకారం జడ్జి ఏమీ చెప్పకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటే నడిచేవి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 25వ సెక్షన్, నేర తీవ్రతను చూసి ఏ పద్ధతో జడ్జే చెప్పాలంటోంది. ఒకదాని తర్వాత ఒకటి నడిచే శిక్షల మొత్తానికి పరిమితి 14 ఏళ్ల నుంచి 20కి పెరిగింది. కాబట్టి తీర్పులోని ఆ ఒక్క వాక్యాన్ని విలేకరి వదిలేస్తే, కొడుకు ఎప్పుడొస్తాడో లెక్కపెట్టుకునే తల్లికి మూడేళ్లు తేడా వస్తుంది.

యావజ్జీవం సంగతి వేరు. యావత్ జీవం అంటే ఉన్న బతుకంతా. దాని వెనుక ఇంకో యావజ్జీవం నడవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2016లో తేల్చింది. ‘రెండు యావజ్జీవాలు’ అని వార్తలో కనిపిస్తే వాటిని ఏకకాలంలోవిగానే చదువుకోండి.